పుల్లల మేడమ్

మొన్న బుధవారం సాయంత్రం, క్లాసుకి ఇంకా పిల్లలెవరూ రాకముందు, ఒకామె మెట్లెక్కి వచ్చి చేతిలోని గుడ్డసంచి నా బల్ల మీద పెట్టింది. తెల్ల చెప్పులు చూస్తే దవాఖానలో నర్సు అని తెలుస్తూనే ఉంది. "రష్యన్ చెప్పేది మీరేనా సార్? అత్తమ్మ పోయిన నెల పోయిన్రు. ఇవి మీకియ్యమన్నరు" అంది. ఏ అత్తమ్మ అని అడగబోతూ సంచి వైపు చూశాను. నీలం మీద తెల్లగళ్ల సంచి. దాన్ని నేను ఒక్కసారి, ఒక బస్టాపు దాకా మోశాను. ఇంక అడగలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు కూడా. ఎదురుగా మేడమ్, వెనకాల పుల్లల మేడమ్.

పుల్ల సంగతి ముందు చెప్పాలి. మన భాషలో దీర్ఘం ఉంటే దీర్ఘం రాసి ఉంటుంది, చూసి చదువుకుంటే పని అయిపోతుంది. రష్యన్‌లో అలా కాదు. ప్రతి మాటలోనూ ఒకచోట గట్టిగా ఒత్తి పలకాలి, మిగతాది నమిలేసినట్టు వదిలెయ్యాలి. ఆ ఒత్తు ఎక్కడో పుస్తకం చెప్పదు. పాలని 'మొలొకో' అని రాస్తారు, 'మలకో' అని చివర ఒత్తి అంటారు. అక్కడ పుట్టినవాళ్లకి తెలుసు. నాంపల్లిలో పుట్టిన నాకెలా తెలుస్తుంది? అందుకని నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో ఒత్తాల్సిన అక్షరం నెత్తిన ఒక చిన్న ఏటవాలు గీత పెడతారు. దాన్ని మేడమ్ పుల్ల అనేవారు. మాకు దొరికిన పుస్తకాల్లో అవి ఉండేవి కావు. ఆవిడే కూచుని, ఎనిమిది కాపీల్లో, ప్రతి మాట మీదా, పెన్సిల్‌తో పెట్టారు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు పోయే ఒక సందులో, కింద టైలరు, పైన మా గది. రష్యావాళ్లతో స్నేహం కోసం ఎప్పుడో పెట్టిన సంఘం అది. ఆ దేశం కాస్తా ముక్కలయ్యాక ఎవరితో స్నేహం చెయ్యాలో తెలియక, ఒక అల్మారా పుస్తకాలూ, గోడ మీద పాత క్యాలెండరూ, వారానికి మూడు సాయంత్రాలు ఈ క్లాసూ మిగిలాయి. సంఘానికి సెక్రటరీ ఒక రిటైరైన వకీలు, పాత హైదరాబాదు మనిషి. మేమంతా సెక్రటరీ సాబ్ అనేవాళ్లం. ఆయనకి రష్యన్ ఒక్క ముక్క రాదు. వచ్చినవాళ్లకి చాయ్ తెప్పించడంలో మాత్రం లోటు చేసేవాడు కాదు.

మేడమ్‌ది మెదక్. మిషన్ కాంపౌండులో పెరిగారు. వయసులో ఉన్నప్పుడు పది నెలలు ఆ దేశంలో ఉండి చదువుకుని వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఈ క్లాసూ, రెండు ఇళ్లలో ట్యూషన్లూ, లక్డీకాపూల్‌లో కిరాయికి ఒక గదీ, అదీ ఆవిడ సంసారం. సన్నంగా, పొడుగ్గా ఉండేవారు. కొప్పులో పువ్వు పెట్టుకునేచోట పెన్సిల్ పెట్టుకునేవారు. దాన్ని బ్లేడుతో చెక్కి, మొనని నాలిక చివర తాకించి, అప్పుడు పుల్ల పెట్టేవారు. మా నాన్నది నాంపల్లిలో స్టేషనరీ కొట్టు. మంచి పెన్సిళ్లు తెచ్చిస్తే సంతోషించేవారు గాని, మొన చెక్కే మర ఇస్తే, "గిది పెన్సిల్‌ను తింటది బిడ్డా" అని తిరిగి ఇచ్చేశారు.

ఆవిడ క్లాసుకి ఒక రూలుంది. పుల్ల కనబడ్డచోట నోటితో ఒత్తాలి, చేతిలోని పెన్సిల్‌తో బల్ల మీద టక్కున కొట్టాలి. ఎనిమిది మందికీ ఒకటే పొడుగాటి టేకుబల్ల. ఒకడు చదువుతుంటే ఆవిడ బల్ల చివర కూచుని, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, కళ్లు ఆ చదివేవాడి మొహం మీద పెట్టేవారు. తప్పు కొడితే వెంటనే ఒక చెయ్యి పైకి లేచేది. "మళ్ల." ఇంకోసారి తప్పితే, "మళ్ల బిడ్డా. తొందరేముంది, బస్సు పోతే ఇంకో బస్సొస్తది." సరిగ్గా వస్తే "హరషో" అనేవారు. అంటే బాగుందని. ఆ మాటలో చివర ఒత్తు ఎంత నిండుగా పలికేవారంటే, దానికోసమే తప్పులు దిద్దుకునేవాళ్లం.

ఇంకొన్ని అలవాట్లుండేవి. ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి, వెలుగు మా మొహాల మీద పడేలా కూచునేవారు. "నా మొహం చూసి మాట్లాడు, సిగ్గువడకు" అనేవారు. ఫోను మోగితే లేచేవారు కాదు. నా వైపు చూసి, నేను ఫోను వైపు చూస్తే, "నువ్వే చూడు జర" అనేవారు. ఒకసారి కింద టైలరు మెట్ల దగ్గర నిలబెట్టి, "ఏంది మేడమ్, మీ పిల్లలు తబలా నేర్చుకుంటున్నరా?" అని అడిగాడు. ఆవిడ నవ్వి, "ఔ, అంత మంచిగున్నం" అని వెళ్లిపోయారు. ఇంకోసారి అబిడ్స్ చౌరస్తాలో వెనక నుంచి ఆటో హారన్ మోగిస్తూ వస్తున్నా అలాగే నడుస్తుంటే, చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "పాఠం ఆలోచిస్తున్న" అన్నారు. నేను నమ్మాను. ఎంత చదువు ధ్యాసో అని మా ఇంట్లో గొప్పగా చెప్పాను కూడా. ఇన్ని చూసి కూడా తెలియలేదంటే నేను ఎంత తెలివైనవాడినో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ క్లాసులో అందరికంటే బాగా చదివేవాడిని నేనే. రెండో ఏడు వచ్చేసరికి నాకు పొగరు తలకెక్కింది. ఎక్కణ్ణుంచో ఒక రష్యన్ పేపరు దొరికితే తెచ్చి ఆవిడ ముందు పరిచాను. "చూడండి మేడమ్, ఇందులో ఒక్క పుల్లా లేదు. వాళ్ల బోర్డుల మీద ఉండదు, ఉత్తరాల్లో ఉండదు. రేపు మేం అక్కడికెళ్తే పుల్లలెవరు పెడతారు? మీరు మమ్మల్ని కర్ర లేనిదే నడవలేనివాళ్లని చేస్తున్నారు" అన్నాను.

ఆవిడ పేపరు మడతపెట్టి నా చేతికిచ్చారు. "అమ్మ ఒళ్లె కూసోని విన్నోళ్లకు పుల్ల ఎందుకు? వాళ్లకు చెవులల్ల ఉన్నది. నువ్వు కాయితం మీద నేర్చుకుంటున్నవు. కాయితమే చెప్పాలె నీకు."

"ఎన్నాళ్లు చెప్పాలి?"

"నీకు తెలిసేదాంక. పెన్సిల్‌తోని పెట్టేదే అందుకు. తెలిసినంక నువ్వే చెరుపుకో. తెలవకముందు చెరిపినవనుకో, తప్పే గట్టివడుతది. ఇగ అది పోదు."

నేను ఒప్పుకోలేదు. తర్వాతి క్లాసు నుంచి చదివేటప్పుడు బల్ల మీద కొట్టడం మానేశాను. చిన్నపిల్లల ఆటలా ఉందని చెప్పాను. నేను చదివేటప్పుడు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా పెదవుల వైపే చూస్తూ, అరచెయ్యి నా పుస్తకం అంచున పెట్టుకుని కూచునేవారు. దాన్ని నేను నా మీద ప్రత్యేకమైన శ్రద్ధ అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మెడిసిన్ చదువులకి మనవాళ్లు రష్యా వెళ్లడం ఊపందుకుంది. హిమాయత్‌నగర్‌లో సీట్లు ఇప్పించే ఆఫీసు పెట్టిన ఒకాయన సెక్రటరీ సాబ్‌తో మాట్లాడాడు. వెళ్లబోయే పిల్లలందరినీ మా క్లాసుకే పంపుతాడు, అయితే ముందొకసారి వచ్చి పాఠం చూస్తాడు. ఆయన అక్కడ ఆరేళ్లు ఉండి వచ్చినవాడు. అది కుదిరితే మేడమ్‌కి ఎండలో ట్యూషన్లకి తిరిగే బాధ తప్పుతుంది. కుదరకపోతే మా ఎనిమిది మందితో గది ఇంకెన్నాళ్లో నడవదు. సెక్రటరీ సాబ్ ఈ మాట చెప్పిన రోజున ఆవిడ కొప్పులో పెన్సిల్ తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. ఆవిడ కంగారుపడటం నేను చూడటం అదే మొదలు.

ఆయన సోమవారం వస్తాడనగా, గది తాళం నా దగ్గరే ఉండటంతో శనివారం వెళ్లి తలుపు తీశాను. మా నాన్న కొట్లోంచి అరడజను రబ్బర్లు జేబులో వేసుకెళ్లాను. ఆరేళ్లు అక్కడ ఉన్న మనిషి మన పుస్తకాల్లో ఈ గీతలు చూస్తే నవ్వడూ? బాలశిక్ష అనుకోడూ? శనివారమంతా, ఆదివారం చీకటిపడే దాకా, ఎనిమిది పుస్తకాలు, నలభయ్యేసి పేజీలు, ఒక్క పుల్ల మిగలకుండా చెరిపాను. మేడమ్ పరువు కాపాడుతున్నాననుకున్నాను. అబద్ధమెందుకు, నా మాట నెగ్గాలనీ ఉంది. పిల్లలందరికీ ఫోన్లు చేసి, రేపు ఎవరూ బల్ల మీద కొట్టొద్దని కూడా చెప్పాను. ఇంత కష్టపడి ఇంకెవరికీ నేను ద్రోహం చెయ్యలేదు.

సోమవారం మేడమ్ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు. హిమాయత్‌నగర్ ఆయన, సెక్రటరీ సాబ్ గోడవార కుర్చీల్లో కూచున్నారు. ఆవిడ బల్ల మీంచి ఒక పుస్తకం తీసి తెరిచారు. పేజీ తెల్లగా ఉంది. ఒక పేజీ తిప్పారు, ఇంకొకటి తిప్పారు. తర్వాత చూపుడువేలితో కాగితాన్ని మెల్లిగా తడిమారు. పెన్సిల్ చెరిపినా దాని గాడి కాగితం మీద ఉంటుంది, దాన్ని వెతుక్కుంటున్నారు. తలెత్తి అందరినీ కాదు, నన్నొక్కడినే చూశారు. కోపం లేదు ఆ చూపులో. భయం ఉంది. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

చదవడం మొదలైంది. మా వాళ్లు పుల్లలు లేక తడబడ్డారు. పాలు తప్పు పలికారు, ఊరు తప్పు పలికారు. ఆవిడ అరచేతులు బల్ల మీదే ఉన్నాయి, కానీ బల్ల మీద ఎవరూ కొట్టడం లేదు. ప్రతివాడూ ఆపగానే "హరషో" అన్నారు. తప్పుకీ హరషో, ఒప్పుకీ హరషో. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. హిమాయత్‌నగర్ ఆయన లేచి, ఆవిడ వెనక కిటికీ దగ్గరికి వెళ్లి, మామూలు గొంతుతో రష్యన్‌లో అడిగాడు, మీరు ఎన్నేళ్లుగా చెబుతున్నారని. ఆవిడ మా వైపే చూస్తూ చిరునవ్వుతో ఉన్నారు. ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. మా మొహాల్లో ఏం కనబడిందో ఏమో, ఆవిడ గిర్రున వెనక్కి తిరిగారు. "మీరేమన్న అడిగిన్రా?"

"ఆవిడకి వినబడదండీ" అన్నాడాయన సెక్రటరీ సాబ్‌తో, నెమ్మదిగానే. ఆ మాట ఆయన పెదవుల మీద ఆవిడ చదువుకున్నారు.

వాళ్లిద్దరూ కిందికి వెళ్లాక, పిల్లలూ ఒక్కొక్కరే జారుకున్నాక, ఆవిడ ఎనిమిది పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి సర్దారు. నేను బల్ల ఇవతల నిలబడి ఉన్నాను. "మంచిగ చెరిపినవు బిడ్డా. కాయితం ఏడ చినగలే" అన్నారు. ఎత్తిపొడుపు కాదది. ఆవిడకి ఎత్తిపొడవడం రాదు. తర్వాత, "చెప్తే క్లాసు ఉంచుతరా? అందుకే ఎవ్వరికి చెప్పలే" అన్నారు. పుస్తకాలు గళ్లసంచిలో పెట్టుకుని, "ఇవి నేను తీస్కపోత" అంటే, సంచి అందుకుని బస్టాపు దాకా మోశాను. ఆవిడ ముందు, నేను వెనక. సందు మలుపులో, ఇంక ఆగలేక, "నన్ను క్షమించండి మేడమ్, నాకు తెలియలేదు" అన్నాను. ఆవిడ నడుస్తూనే ఉన్నారు. వినబడదని అప్పటికి నాకు తెలుసు. తెలిసే వెనక నుంచి అన్నాను. నా జన్మలో నిజంగా చెప్పిన క్షమాపణ అదొక్కటే, అది ఆవిడ వీపుకి చెప్పాను. బస్సొచ్చింది. సంచి అందించాను. ఎక్కి కూచుని, కిటికీలోంచి చెయ్యి ఊపారు.

వారం తిరిగేసరికి సెక్రటరీ సాబ్ నన్ను పిలిపించాడు. "చూడు బేటా, నాగ్గూడ మనసొప్పుతలేదు. కాని క్లాసైతే నడవాలె గద. నువ్వు చెప్తవా?" నేను చెప్పకపోతే ఇంకెవరో చెబుతారనుకున్నాను. అందరూ అనుకునేదే. ఒప్పుకున్నాను. మేడమ్ కూచునే కుర్చీలో కూచున్నాను. లక్డీకాపూల్‌లో ఆవిడ గది ఇక్కణ్ణుంచి నడిచి పోయేంత దూరం. రెండు నెలలకి వెళ్లాను. ఖాళీ చేసి మెదక్ వెళ్లిపోయారని చెప్పారు. హమ్మయ్య అనుకున్నాను. మిగతావన్నీ ఎవరికైనా చెప్పుకోగలను గాని, ఆ హమ్మయ్య మాత్రం ఇవాళే చెబుతున్నాను.

ఏడాది పాటు పుల్లల్లేకుండానే చెప్పాను, నా పంతం కొద్దీ. పిల్లలు తప్పులు పట్టుకెళ్లి అక్కడ నవ్వులపాలై ఉత్తరాలు రాశారు. రెండో ఏడు నుంచి నేనూ పుల్లలు పెట్టడం మొదలుపెట్టాను, పెన్నుతో. అవి మంచివా చెడ్డవా అని ఇప్పటికీ పదిమంది టీచర్లు కలిస్తే వాదన వస్తుంది. కుర్రటీచర్లు నేను అప్పుడన్న మాటలే అంటారు, కర్ర అనే మాటతో సహా. నన్నడిగితే చాయ్ చల్లారిపోతోందని లేచిపోతాను.

మళ్లీ బుధవారానికి వస్తాను. ఆ అమ్మాయి, మేడమ్ అన్నగారి కూతురు, కుర్చీలో కూచుని చెప్పింది. "ఇంటికొచ్చినకాంచి ఇదే పని సార్. వంటింట్ల పీట మీద పెట్టుకొని పెన్సిల్‌తోని గీతలు. ఎవరికత్తమ్మా అని చేత్తోని అడిగితే, క్లాసుకు అనేది. నీకు క్లాసేడున్నది అంటే, నాది కాదే, పిల్లలది అనేది." ఏడు పుస్తకాలు ఏడాదిన్నరలో అయిపోయాయట. "అయిపోయినై గద, పంపుదామంటే, ఇంగొకటున్నది, అది ఇంక కాలే అని సంచిల పెట్టుకునేది. దాంట్ల ఏం రాసేది లేదు సార్. ఉత్తగ తిప్పుతుండె. ఏ ఆర్నెల్లకో ఒక్క గీత పెడుతుండె. యాదికొచ్చింది అంటుండె. చెవులు మొత్తానికే పోయినయి, కండ్లు గూడ మసకైనయి, అయినా అదొక్కటి మాత్రం ఇయ్యలే."

ఆమె వెళ్లాక సంచి విప్పాను. ఏడు పుస్తకాల్లో ప్రతి మాట మీదా పుల్ల ఉంది. నేను చెరిపిన గాడిలోనే, అదే వాలుతో. ఎనిమిదోది నా కాపీ. నా పేరు నేనే రాసుకున్నాను లోపలి అట్ట మీద, అప్పటి పొగరు చేతిరాతతో. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. పదో పేజీలో ఒక పుల్ల. పదమూడులో ఒకటి. మొత్తం పద్దెనిమిది.

గదిలో ఎవరూ లేరు కాబట్టి పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి పుల్ల దగ్గరికొచ్చేసరికి నా నోరు వేరేచోట ఒత్తింది. నిఘంటువు తీసి చూశాను. పుల్లే ఒప్పు. రెండోదీ అంతే. నేను తప్పు పలికే మాటల మీద మాత్రమే పుల్లలున్నాయి. మిగతావి నీకు వచ్చులే అని వదిలేశారు. నేను బల్ల మీద కొట్టడం మానేశాక, నా పెదవులు చూసి, పుస్తకం అంచున చెయ్యి పెట్టి పట్టుకున్న తప్పులవి. ఇన్నేళ్లు, మెదక్‌లో, వంటింటి పీట మీద, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నారు. చివరి పేజీలో చివరి పుల్ల, బాగా వణికిన చేత్తో పెట్టింది, 'రుకా' మీద. చెయ్యి అని అర్థం. చివర ఒత్తాలి. నేను ఎప్పుడూ మొదటే ఒత్తి 'రూకా' అంటాను. అలా అనే ఇన్నేళ్ల పిల్లలకి నేర్పాను. తప్పు గట్టిపడుతుందని ఆవిడ అన్నారు గదా, నాలో గట్టిపడింది.

పిల్లలు మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. కళ్లు తుడుచుకుని ఏడు పుస్తకాలూ పంచాను. పుల్ల కనబడ్డచోట బల్ల మీద పెన్సిల్ కొట్టమని చెప్పాను. "ఎందుకు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. "కొట్టమ్మా, చెప్తా" అన్నాను. బల్ల మాత్రం అదే, ఆ టేకుదే. బల్ల చివర, కిటికీకి వీపు పెట్టి, మేడమ్ కూచున్నట్టే కూచుని రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాను. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అలా ఆనించి చూడలేదు. చెవుల్లో దూది కూరుకున్నట్టు ఆవిడ లోకం ఎలా ఉండేదో ఊహించుకుంటూ కళ్లు మూసుకున్నాను. అందరూ కలిసి చదువుతున్నారు. టకటకా అరచేతుల్లోకి వస్తోంది. ఎవరిదేదో, ఎవరు తప్పు కొట్టారో ఒక్కటీ నాకు తెలియలేదు. పాఠం అయిపోయేదాకా చేతులు తియ్యలేదు.